బెజవాడ ఎండల్లో మా బెల్లం

"కుక్కంటే గేటు దగ్గరుండాలి అమ్మాయ్. ఇదేంటి, సోఫా ఎక్కింది?"

మా బావగారిది గుడివాడ దగ్గర పల్లె. వాళ్ళింట్లో కుక్క లేని కాలం నాకు గుర్తులేదు గానీ, ఏ కుక్కా గడప దాటి లోపలికొచ్చిన పాపాన పోలేదు. మా బెల్లాన్ని మొదటిసారి చూసి ఆయన అన్న మాట అది. బెల్లం మా బాక్సర్ కుక్క. ఆడది. ఒంటి రంగు చూసి పిల్లలు పెట్టిన పేరు. వెడల్పాటి ఛాతీ, లావు మెడ, నడుస్తుంటే చర్మం కింద కదిలే తొడ కండలు. మూతి నలుపు, నుదుటి మీద ముడతలు, పై దవడ కంటే ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ. వీధిలో ఎదురైనవాళ్ళు రెండడుగులు పక్కకి తప్పుకుంటారు. అలాంటిది మా అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని గురక పెడుతుంటే బావగారికి నవ్వు రాలేదు. డబ్బులు దండగయ్యాయని బాధపడ్డారు.

ఆయనకి అప్పుడు ఏదో సర్దిచెప్పాను. అసలు సమాధానం ఏమిటంటే, ఈ జాతిని గేటు దగ్గర కట్టేస్తే ఇటు కాపలాకీ పనికిరాదు, అటు కుక్కా సుఖంగా ఉండదు. ఒంటరిగా వదిలేస్తే మొక్కలు పీకుతుంది, చెప్పులు నమిలేస్తుంది, గోడకేసి మూలుగుతుంది. దీనికి కావలసింది మనుషులు. ఆ కండలన్నీ చూసి కొనుక్కొచ్చినవాళ్ళు ఈ సంగతి ఇంటికొచ్చాకే తెలుసుకుంటారు.

కొనే ముందు మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా ఆయనకి చూడగానే దొంగ పారిపోయే కుక్క కావాలి. నాకు పిల్లలతో కలిసిపోయేది కావాలి. మా పెద్దాడికి ఏదైనా సరే, ఈ వారమే కావాలి. చిన్నదానికి "మెత్తగా ఉండేది" కావాలి. అత్తయ్యకి అసలు కుక్కే వద్దు. చివరికి మొదటి రెండు కోరికలకీ సరిపోయేది బాక్సరే అని తేలింది. చిన్నదానికి దక్కిన మెత్తదనం చెవుల వరకే. మిగతా ఒళ్ళంతా గట్టి కండ, పైన పొట్టి వెంట్రుకలు.

దీని పుట్టిల్లు జర్మనీ. అక్కడి జమీందార్ల వేటల్లో అడవిపందినో ఎలుగునో పట్టుకుని, వేటగాడు వచ్చేదాకా వదలకుండా నిలబెట్టే బుల్లెన్‌బైసర్ కుక్కలుండేవి. ఆ వేటలు తగ్గిపోయాక అవి కసాయివాళ్ళ దగ్గరా, పశువుల వ్యాపారుల దగ్గరా చేరి గొడ్లని అదిలించే పనిలో పడ్డాయి. వాటినీ ఇంగ్లిష్ బుల్‌డాగ్‌నీ కలిపి మ్యూనిక్ వాళ్ళు బాక్సర్‌ని తయారుచేశారు. 1895లో అక్కడే మొదటి బాక్సర్ క్లబ్ పెట్టుకున్నారు. జర్మనీలో పోలీసు శిక్షణకి మొదట్లోనే ఎంచుకున్న జాతుల్లో ఇదొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంతోపాటు కాపలా కాసింది, వార్తలు మోసింది. రెండో యుద్ధం అయ్యాక ఇళ్ళకి బయల్దేరిన అమెరికా సైనికులు కొందరు వీటిని వెంట తీసుకెళ్ళారు. అక్కడ ఇది ఇంటి కుక్కగా స్థిరపడింది.

ఈ చరిత్ర విని మా ఆయన తెగ మురిసిపోయారు. పోలీసు కుక్కట, యుద్ధం చేసిందట. ఆ వంశంలో పుట్టిన మా బెల్లం మిక్సీ చప్పుడు వింటే మంచం కిందకి దూరుతుంది.

పిల్లని వెతకడం అంత తేలిక కాలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టే ఒకతను అడ్వాన్సు పంపితే కార్గోలో పంపించేస్తానన్నాడు. తల్లిని చూపించమంటే "తల్లి వేరే ఊర్లో ఉంది మేడమ్" అన్నాడు. రెండు నెలలు కూడా నిండని పిల్లలు ఇతని దగ్గరుంటే తల్లి వేరే ఊర్లో ఎలా ఉంటుంది? ఫోన్ పెట్టేశాను. తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా గుంటూరులో ఒక కుటుంబం దొరికింది. వాళ్ళ వరండాలో తల్లి కుక్క మమ్మల్ని చూసి మొరగలేదు. ఒళ్ళంతా వంచి, మూతి తోక దగ్గరికి తెచ్చి, పక్కవాటుగా నడుచుకుంటూ వచ్చి మా ఆయన పాదాల మీద కూర్చుంది. నిలువెత్తు మనిషి పాదాల మీద. కదలనివ్వలేదు. పిల్ల ఎలా ఉంటుందో ఆ తల్లిని చూస్తే సగం అర్థమైపోయింది. బాక్సర్ పెంచేవాళ్ళందరికీ ఆ వంకర నడక బాగా తెలుసు. సంతోషం పట్టలేనప్పుడు ఇవి అలాగే చేస్తాయి.

వస్తూ వస్తూ తోక సంగతి అడిగాం. ఇంకా కత్తిరించలేదు, వద్దనుకుంటే వదిలేస్తామన్నారు వాళ్ళు. పాత ఫొటోల్లో బాక్సర్లకి మొండి తోక, కత్తిరించి నిలబెట్టిన చెవులు కనిపిస్తాయి. కేవలం అందం కోసం చేసే పని అది. ఆ జాతి పుట్టిన జర్మనీలోనే చెవులు కత్తిరించడం 1987లో, తోక కత్తిరించడం 1998లో నిషేధించారు. మేమూ వద్దన్నాం. అందువల్ల బెల్లానికి పొడుగాటి, కొరడా లాంటి తోక ఉంది. టీపాయ్ ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది. మా ఇంట్లో గాజు గ్లాసులు అంతరించిపోయి స్టీలు గ్లాసులు వచ్చాయి.

ఇక ఎండలు. అసలు కథంతా ఇక్కడే ఉంది. బెజవాడలో బాక్సర్‌ని పెంచడమంటే మే నెలతో పోట్లాడటమే.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొంచెం పడుతుందంతే. వేడి పోగొట్టుకోవడానికి దానికున్న దారి రొప్పడం. నాలుక మీద, ముక్కు లోపలి గదుల్లో ఉన్న తడి ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. పొడుగు మూతి ఉన్న కుక్కకి ఆ లోపలి జాగా ఎక్కువ. బాక్సర్ మూతి పొట్టి. కాబట్టి ఎంత రొప్పినా చల్లబడేది తక్కువ, పైగా రొప్పడానికి పడే శ్రమతో ఇంకా వేడెక్కుతుంది. దీనికి మన కృష్ణ ఒడ్డు ఉక్కపోత తోడైతే ఆ తడి ఆవిరి కావడం కూడా కష్టమే. మా వీధి కుక్కలు వేపచెట్టు కింద గుంట తవ్వుకుని పడుకుని మధ్యాహ్నం గడిపేస్తాయి. బెల్లం ఆ పని చేస్తే ప్రాణం మీదకొస్తుంది.

అందుకని మార్చి నుంచి జూన్ దాకా మా ఇంటి టైమ్‌టేబుల్ బెల్లం చేతిలో ఉంటుంది. తెల్లవారుజామున చీకటి ఉండగానే బందరు కాలువ పక్కన నడక. వెలుగొచ్చేసరికి ఇంట్లో ఉండాలి. మళ్ళీ రాత్రి భోజనాలయ్యాక. సాయంత్రం ఆరింటికి ఎండ పోయినట్టే ఉంటుంది గానీ తారు రోడ్డు వదలదు. అరచేయి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఆనించి చూస్తాను. కాసేపైనా ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. మధ్యాహ్నం హాల్లో ఏసీ బెల్లం కోసమే వేస్తామని కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మా ఆయన అంటారు. ఆ చల్లదనంలో హాయిగా నిద్రపోయేది మాత్రం ఆయనే.

ఇంట్లో చల్లటి చోటు కనిపెట్టడంలో మాత్రం దానికి గురువక్కర్లేదు. మిగతా ఇల్లంతా టైల్స్ గానీ, పూజగది ముందు పాత కడప రాళ్ళు అలాగే ఉంచేశాం. ఎండాకాలం మొత్తంలో చల్లగా ఉండేవి అవే. వచ్చిన మొదటి వేసవిలోనే బెల్లం ఆ సంగతి పట్టేసింది. సరిగ్గా గడపకి అడ్డంగా, పొట్ట రాయికి ఆనించి, వెనక కాళ్ళు రెండూ చాపి పడుకునేది. మడి కట్టుకుని దీపం పెట్టడానికి వచ్చే అత్తయ్య చూసి, "రామ రామ, దేవుడికి అడ్డంగా కుక్కేమిటే!" అని కేకలు. లేపితే లేచి, అత్తయ్య దీపం పెట్టి వచ్చేదాకా పక్కన నిలబడి, మళ్ళీ అక్కడే వాలిపోయేది. నేను చాప వేసి చూశాను, మంచం కింద తడిగుడ్డ పరిచి చూశాను. లాభం లేదు. చివరికి అత్తయ్యే రాజీకొచ్చారు. గడప లోపల దేవుడిది, బయట బెల్లానిది. ఆ గీత ఈ రోజుకీ అది దాటదు. మేం నేర్పించినవాటిలో అంత కచ్చితంగా నేర్చుకున్నది ఇంకోటి లేదు, అది కూడా నేర్పింది అత్తయ్య.

ఒక మే మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నేను బయట పని మీద ఉన్నాను, ఇంట్లో అత్తయ్య, పిల్లలు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తప్ప ఏమీ తిరగవు. పెద్దాడు ఫోన్ చేసి, "అమ్మా, బెల్లం నాలుక ఎర్రగా అయిపోయింది, చొంగ తీగలా సాగుతోంది, లేవట్లేదు" అన్నాడు. కుక్కకి మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే భయపడాలి, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఏం చెయ్యాలో చెప్పబోయేలోగా వెనక నుంచి అత్తయ్య గొంతు వినబడుతోంది: "ఫోన్ పెట్టేసి ఆ బకెట్ పట్టుకురారా!"

నేను ఇంటికి చేరేసరికి కడప రాళ్ళ మీద అత్తయ్య పాత నేత చీర తడిపి పరిచి ఉంది. దాని మీద బెల్లం. పెద్దాడు మగ్గుతో పొట్ట మీదా, తొడల సందుల్లోనూ నీళ్ళు పోస్తున్నాడు. స్టాండు ఫ్యాన్ సరిగ్గా ముఖానికి పెట్టారు. అత్తయ్య మడి చీరతోనే కింద చతికిలబడి కూర్చుని దాని చెవులు తడుపుతున్నారు. చాలామంది తడి తువ్వాలు పైన కప్పేస్తారు. దానివల్ల వేడి లోపలే ఉండిపోతుంది. నీళ్ళు పోసి గాలి తగలనివ్వాలి. ఆ సంగతి అత్తయ్యకి ఎవరు చెప్పారని అడిగితే, "చెప్పేదేముంది, గేదెలకి చేసేవాళ్ళం కాదూ" అన్నారు. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి 103కి దిగింది. సెలైన్ పెట్టి సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. కుక్కే వద్దన్న మనిషి ఆ రాత్రి మూడుసార్లు లేచి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకున్నారు.

కండల కుక్క అంటే గంభీరంగా ఉంటుందనుకుంటారు. బాక్సర్‌కి గాంభీర్యం లేదు. మూడేళ్ళు వస్తే గానీ పెద్దరికం రాదని పెంచినవాళ్ళంతా చెబుతారు. బెల్లానికి మూడేళ్ళు దాటాయి, మేమింకా ఎదురుచూస్తున్నాం. సంధ్యవేళ ఉన్నట్టుండి పూనకం వస్తుంది. తోక ముడిచి, నడుం వంచి, హాల్లోంచి వంటింట్లోకి, అక్కడి నుంచి పెరట్లోకి, మళ్ళీ హాల్లోకి గిరగిరా తిరిగి ఆగిపోతుంది. మొరగడం తక్కువ. బదులుగా గొంతులోంచి "ఊఁ... ఊవూ" అని ఏదో చెబుతుంది. అన్నం ఆలస్యమైతే ఒక రకంగా, పెద్దాడు స్కూలు నుంచి ఆలస్యమైతే ఇంకో రకంగా. ముందు కాళ్ళని చేతుల్లా వాడుతుంది. తలుపు తట్టడానికీ, బంతి లాక్కోవడానికీ, మనం ఫోన్ చూస్తుంటే మోచెయ్యి కిందకి లాగడానికీ అన్నిటికీ అవే.

ఆ ముందు కాళ్ళతోనే మొదట్లో చిక్కొచ్చింది. ఏడాది కూడా నిండకముందే పాతిక కిలోలకి దగ్గరపడింది. ఆడ బాక్సర్ నిండుగా పెరిగితే ఉండాల్సిన బరువు సుమారు అంతే, మగవి ముప్పై దాటతాయి. మా చిన్నది అప్పటికి ఇరవై కిలోలు కూడా లేదు. స్కూలు బ్యాగుతో గేటు తీసేసరికి బెల్లం ప్రేమగా వెళ్ళి మీద పడేది, చిన్నది వెల్లకిలా. కరవదు, గీరదు, పడేసి ముఖం నాకేస్తుంది. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి. ఇంట్లో అందరికీ ఒకే నియమం పెట్టాం: నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే ఎవరైనా దాన్ని పలకరించాలి. ఎగిరితే వీపు తిప్పేసి నిలబడాలి. "కూర్చో" అంటే కూర్చుంటేనే ఉడికించిన చికెన్ ముక్క. తెలుగులోనే నేర్పాం, అత్తయ్య కూడా వాడాలి కదా. తెలివైనదే, కాకపోతే ఒకే పని పదిసార్లు చేయిస్తే పదకొండోసారి మన ముఖంలోకి చూసి ఆవలిస్తుంది. ఐదు నిమిషాలకి మించి పాఠం చెప్పకూడదు. పిల్లల దగ్గర దీని ఓర్పు చూసి ముచ్చటేస్తుంది గానీ, చిన్నదాన్నీ దాన్నీ ఒంటరిగా వదిలి నేను మేడ మీదకి వెళ్ళను. మంచి కుక్క కాదని కాదు, బరువైన కుక్క అని. అన్నం తినేటప్పుడు దాని గిన్నె దగ్గరికి పిల్లలు పోకూడదన్న రూలు కూడా ఉంది.

ఇక పెంపకంలో ఎవరూ ముందుగా చెప్పని సంగతి గ్యాస్. పొట్టి మూతి కుక్కలు తినేటప్పుడు గాలి కూడా మింగేస్తాయి. శ్రావణ శుక్రవారం పేరంటానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. పట్టుచీరలు, గంధం, వాయనాలు. బెల్లం బుద్ధిగా సోఫా వెనక పడుకుంది. శనగలు పంచుతుండగా హాలంతా ఒక వాసన కమ్ముకుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, ఎవరూ ఏమీ అనలేకపోవడం. అప్పుడు అత్తయ్య చాలా మామూలుగా, "మా బెల్లమ్మండీ. పొద్దున గుడ్డు పెట్టాం" అన్నారు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి నవ్వారు. ఆ తర్వాత గుడ్లు తగ్గించి, తిండి రెండు పూటలుగా విడగొట్టి, మధ్యలో బొడిపెలుండే గిన్నె కొన్నాం, గబగబా మింగకుండా. కొంత మెరుగు. పూర్తిగా పోదు. తిన్న వెంటనే పరిగెత్తనివ్వం కూడా. ఇలా లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

అత్తయ్య ప్రసాదాల విషయంలో కూడా ఒక ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. కొబ్బరి ముక్క, పెరుగన్నం ఫర్వాలేదు. చక్రపొంగలి మాత్రం పెట్టకూడదు, అందులో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలని దెబ్బతీస్తాయి. "అయితే మడి వంట తింటుందన్నమాట" అని తేల్చేశారావిడ.

నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. బెల్లం వచ్చాక పదో తరగతి అనువంశికత పాఠం చెప్పడం సులువైంది. బెల్లం ఛాతీ, పాదాలు తెలుపు, మిగతాదంతా బెల్లం రంగు. ఇలా తెలుపు ఉన్న రెండు బాక్సర్లకి పుట్టే పిల్లల్లో సుమారు నాలుగోవంతు పూర్తి తెల్లవి, సగం తల్లిదండ్రుల్లాంటివి, నాలుగోవంతు తెలుపు దాదాపు లేనివి. ఒకటి, రెండు, ఒకటి. బోర్డు మీద గళ్ళు గీసి పాఠంలోని మెండెల్ బఠాణీలకి బదులు కుక్క బొమ్మలు వేస్తే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది. బఠాణీల్లో మధ్యరకం దాక్కుంటుంది, ఇక్కడ కంటికే కనిపిస్తుంది. తెల్ల బాక్సర్ చాలా అరుదు, ధర ఎక్కువ అని ఎవరైనా చెబితే ఈ లెక్క గుర్తుతెచ్చుకోండి. నాలుగింట ఒకటి వచ్చేది అరుదేమిటి? పైగా తెల్లవాటిలో కొన్నిటికి చెవుడు ఉంటుంది, లోపలి చెవిలో ఉండాల్సిన రంగు కణాలు లేకపోవడం వల్ల. పెంచుకోవచ్చు, చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటాయి. అరుదైనదని ఎక్కువ డబ్బు పొయ్యడమే తప్పు.

ఇంకో ముచ్చట కూడా పిల్లలకి చెబుతాను. కుక్క జన్యుపటాన్ని మొదటిసారి పూర్తిస్థాయిలో చదివి 2005 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో ప్రచురించారు. ఆ కుక్క బాక్సరే, టాషా అనే ఆడది. చాలా కుక్కల్ని పరీక్షించి దాన్నే ఎంచుకోవడానికి కారణం, తల్లి నుంచి వచ్చిన జన్యువులకీ తండ్రి నుంచి వచ్చిన జన్యువులకీ తేడాలు తక్కువగా ఉండటం. అలాంటిదైతే ముక్కలుగా చదివి అతకడం తేలిక. శాస్త్రవేత్తలకి అది సౌకర్యమే గానీ, పెంచేవాళ్ళం మనం ఆ వాక్యాన్ని ఇంకోలా చదువుకోవాలి. తేడాలు తక్కువంటే దగ్గర సంబంధాలు ఎక్కువని. చాలా జబ్బులు అక్కడి నుంచే వస్తాయి.

బాక్సర్లకి గుండె జబ్బు ఒకటి ఉంది. గుండె కండరంలో లోపం వచ్చి కొట్టుకునే లయ తప్పుతుంది. బయటికి ఏమీ కనిపించకుండానే ఉన్నట్టుండి సొమ్మసిల్లిపోవచ్చు. గుంటూరు వాళ్ళు తల్లికి ఈసీజీ తీయించిన కాగితం చూపించారు, నేను వాళ్ళ దగ్గర తీసుకోవడానికి అదే పెద్ద కారణం. బెల్లానికి ఏటా తీయిస్తున్నాం. ఒక్క ఈసీజీ కొన్ని నిమిషాలదే, రోజంతా ఒంటికి కట్టి రికార్డు చేసే హోల్టర్ అయితే ఇంకా నమ్మకం. మత్తు మందుల్లో ఏస్‌ప్రొమజీన్ అనేదానికి బాక్సర్లు కొన్ని విపరీతంగా స్పందిస్తాయి, బీపీ పడిపోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళినప్పుడు ఈ మాట చెబుదామా, డాక్టరుకే పాఠం చెబుతున్నానని అనుకుంటారా అని కాసేపు తటపటాయించి చెప్పేశాను. ఆయన తలూపి, "బాక్సర్ కదా, అది వాడం లెండి" అన్నారు. తెలిసిన డాక్టరైనా సరే, మీరు చెప్పండి.

ఈ జాతిలో కణుతులు కూడా ఎక్కువే, ముఖ్యంగా మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చర్మ క్యాన్సర్. అందుకే స్నానం చేయించేటప్పుడు చెవుల నుంచి తోక దాకా చేత్తో తడుముతాను. ఎటూ గోమార్లు ఏరాలి కదా, ఒకే పనిలో రెండూ అయిపోతాయి. రెండో ఏట ముందు కాలి మీద చొక్కా గుండీ అంత ఎర్రటి బుడిపె తగిలింది. సూది గుచ్చి నమూనా తీసి ఫలితం వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. అత్తయ్య గుణదల మేరీమాతకి కూడా మొక్కేశారు. హిస్టియోసైటోమా అన్నారు, వయసులో ఉన్న కుక్కలకి వచ్చి దానంతటదే పోయే రకం. నిజంగానే పోయింది. చూసి ఊరుకోకుండా ప్రతి బుడిపెకీ సూది పరీక్ష చేయించమన్నారు డాక్టరు. ఏది మంచిదో ఏది చెడ్డదో పైకి చూసి చెప్పడం వాళ్ళకీ కుదరదట. బాక్సర్ ఆయుష్షు పది పన్నెండేళ్ళు. ఆ లెక్క చిన్నదాని దగ్గర మాట్లాడం.

కాపలా సంగతి బావగారికి బాకీ ఉంది కాబట్టి చెబుతాను. రాత్రి గేటు చప్పుడైతే బెల్లం లేచి వెళ్ళి నిలబడుతుంది. గట్టిగా ఒకటి రెండు మొరుగులు, తర్వాత చూపు. మా ఆయన "సరేలే" అంటే వెనక్కి వస్తుంది. కొరియర్ కుర్రాళ్ళు అందరూ దానికి దోస్తులే. కానీ ఒకసారి తాగినవాడొకడు చిన్నది ముగ్గు దిద్దుతుండగా గేటు తోసుకుని వచ్చాడు. అప్పుడు వినిపించిన శబ్దం నేను అంతకుముందు వినలేదు. పిల్లకీ వాడికీ మధ్యలో నిలబడింది, ముందుకి వెళ్ళలేదు, వెనక్కి రాలేదు. వాడు వెళ్ళిపోయాక ముగ్గు మీదే దొర్లింది. గేటు దగ్గర గొలుసుకి కట్టేసి ఉంటే ఆ పిల్ల దానికి ఎవరో కూడా తెలిసేది కాదు.

ఇంతా చెప్పి అందరూ తెచ్చుకోండి అంటానా? అనను. పగలంతా ఇల్లు తాళం వేసి ఉద్యోగాలకి పోయేవాళ్ళకి ఇది వద్దు. ఏసీ, ఇన్వర్టర్ లేని ఇంట్లో కోస్తా వేసవికి వద్దు. రోజుకి రెండుసార్లు నడిపించే ఓపిక లేకపోతే వద్దు. శుభ్రం విషయంలో పట్టింపు ఉన్నవాళ్ళకి అసలు వద్దు: నీళ్ళు తాగిన ప్రతిసారీ ఆ వేలాడే పెదవుల్లోంచి హాలు సగం దాకా ధార కారుతుంది. కుక్క మీద ప్రేమ ఉంది, మిగతా వసతులు లేవు అంటే, మన వీధిలో పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకోండి. ఈ ఎండలు వాటికి తరతరాలుగా అలవాటు, డాక్టరు ఖర్చూ తక్కువ.

మా స్టాఫ్ రూములో సోషల్ మేడం ఇవన్నీ విని కూడా మనసు మార్చుకోలేదు. వాళ్ళది గ్రౌండ్ ఫ్లోరు, అత్తగారు మామగారు ఇంట్లోనే ఉంటారు, ఏసీ ఉంది. సరే, ముందు ఒకసారి మా ఇంటికొచ్చి చూడండి అన్నాను. ఈ ఆదివారం పిల్లలతో వస్తున్నారు. పాత బట్టలు వేసుకుని రమ్మన్నాను. ఆవిడ నవ్వి, "ఎందుకండీ, మేం శుభ్రంగానే వస్తాం" అన్నారు. వచ్చేటప్పుడు అలాగే వస్తారు లెండి.